రొయ్యల గుంట కాడ పలకని మాట

పెద్ద ఉద్యోగాలకు మనుషుల్ని వెతికే ఆఫీసు రేవతి గారికి,

నేను జువ్వలదిన్నె రొయ్యల గుంటల కాడి పాత వాచ్‌మన్‌ను. మా మేనేజరు నరేంద్రబాబు గారు పనివాళ్లను జాగ్రత్తగా చూసుకునేవారా అని మీరు ఫోనులో అడిగితే, అవునన్నాను. అది అబద్ధం.

గుంటలో రొయ్యలకు గాలి ఇచ్చే ఫ్యాను ఒకటి ఆగితే, గుంటల్లో పనిచేసే పెంచల్‌ను దిగి చూడమన్నారాయన. నేను కరెంటు తీసేదానికి పోతే, "తీయబాక, మిగతా ఫ్యాన్లు ఆగితే రొయ్య చచ్చిపోద్ది" అన్నారు.

"తీసినావా మామా?" అని పెంచల్ గట్టు మీదినుంచి అడిగినాడు. నేను పలకలా. తీసినాననుకుని దిగినాడు, షాకు కొట్టి పోయినాడు. పోలీసులకు జారి మునిగినాడని చెప్పినాను. ఫ్యాన్ల చప్పుడు వినపడితే ఇప్పటికీ వాడు అడుగుతానే ఉంటాడు.

మీకు నా నంబరు ఇచ్చింది ఆయనేనంట. నేను పలకనని ఆయనకు తెలుసు.

ఆయన చేతికింద ఇంక మనుషుల్ని పెట్టబాకండమ్మా. పోలీసులు అడిగినా ఇదే చెబుతాను.

ఇట్లు,
స్విచ్చి కాడ నిలబడినవాడు