వెనక సీటులో పేడనీళ్లు

ఏప్రిల్ 12, శనివారం

తప్పు నాదే. ముందు అది రాసేస్తాను.

మా మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండగకి వేటకెళ్లిన మగాళ్లు ఉత్త చేతులతో ఊళ్లోకొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. పదేళ్లప్పుడు నేనూ కొట్టాను. ఇప్పుడు వేటంటే ఏముంది, అడవిలో ఓ రోజు తిరిగి రావడమే. ఎవరూ ఏమీ తేరు, అందరికీ పేడనీళ్లే. ఇంత తెలిసీ, కాళ్లు నొప్పులక్కా, బండి తీసుకురా అని తమ్ముడు రవిబాబు ఫోన్ చేస్తే అడవి అంచు దాకా వెళ్లి ఆరుగుర్ని ఎక్కించుకొచ్చాను. ఏసీ దండగని అద్దాలన్నీ దించి మరీ.

ఊరి మొదట్లో సోములమ్మ పిన్ని కుండతో నిలబడి ఉంది. వెనక ఇంకో పదిమంది. బండి ఆగకముందే మొదటి కుండ నీళ్లు కిటికీలోంచి వచ్చాయి. రవి తల వంచేశాడు. సీటు ఎక్కడికి వంగుతుంది?

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పది నిమిషాలయ్యాక ఇరవై తొమ్మిదో తారీకు గుర్తొచ్చింది.

ఏప్రిల్ 13

ఇరవై తొమ్మిది సంగతి రాయాలి.

అరకులో రిసార్టు మేనేజర్ కృష్ణమూర్తి గారు మే నెల టూరిస్టుల కోసం బళ్ల లిస్టు వేస్తున్నారు. ఇప్పటికి ఎనిమిది బళ్లు. ఎనిమిదీ కింద మైదానం నుంచి వచ్చినవే. నా బండి కూడా పెట్టండి సార్, ఏడు సీట్లు, ఘాట్ రోడ్డు నాకు మా ఇంటి గడప అని మూడుసార్లు తిరిగాను. మూడోసారి అసలు మాట బయటపెట్టారు. మీ వాళ్ల బళ్లు వాసనొస్తాయమ్మా సోనీ, గెస్టులు ఇబ్బంది పడతారు, ఏమనుకోకు అన్నారు. కోపంగా అనలేదు. సాయంత్రం వాన పడేట్టుంది అన్నట్టు అన్నారు. అందుకే ఇంకా మండింది.

మీరే కూర్చుని చూడండి సార్ అన్నాను. సరే, ఇరవై తొమ్మిదిన చూస్తానన్నారు.

ఇప్పుడు నా బండి నిజంగానే వాసనొస్తోంది.

ఏప్రిల్ 14

కార్పెట్ ఎత్తి చూశాను. కింద స్పాంజి కూడా తాగేసింది. తలుపులు తీసి ఎండలో పెడితే వాసన మేలుకుంది.

విశాఖలో కార్లు కడిగే షాపుకి ఫోన్ చేశాను. లోపలంతా షాంపూ చెయ్యడానికి వాళ్లు చెప్పిన రేటుకి నాకు రెండు టైర్లొస్తాయి. అదీ ఒక్కసారికి. మా ఊళ్లో పండగ ఏటేటా వస్తుంది. మెషిన్ కొనుక్కుని ఇంట్లోనే కడుగుతాను. నిర్ణయం అయిపోయింది.

ఏప్రిల్ 15, సాయంత్రం

సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు ఎక్కి మూడు గంటలు వీడియోలు చూశాను. నాకు అర్థమైంది ఇది.

కారు సాకెట్‌లో గుచ్చే చిన్న వాక్యూమ్ బిస్కెట్ పొడికి పనికొస్తుంది. నీళ్లు తగిలితే చస్తుంది. వద్దు. స్టీమ్ క్లీనర్ చూడ్డానికి బాగుంటుంది, తెల్లటి ఆవిరి, పెద్ద చప్పుడు. కానీ అది మురికిని కదిలిస్తుందే తప్ప బయటికి లాగదు. లాగాల్సింది గుడ్డతో నేనే. పైగా రెండు వేల వాట్లు. మా ఊరి కరెంటుకి మిక్సీ వేస్తేనే బల్బు మూలుగుతుంది.

స్పాట్ క్లీనర్ అని ఒకటుంది. నీళ్లు తనే చల్లి, తనే రుద్ది, తనే పీల్చేస్తుంది. చూడగానే మనసు పడ్డాను. రేటు చూసి మనసు వెనక్కి తీసుకున్నాను.

మిగిలింది వెట్ అండ్ డ్రై వాక్యూమ్. బకెట్ లాంటి డబ్బా, దాని నెత్తిన మోటారు. దుమ్మూ లాగుతుంది, నీళ్లూ లాగుతుంది. చల్లడం, రుద్దడం మనమే చేసుకోవాలి. నాకు చేతులున్నాయి.

ఏప్రిల్ 18, శుక్రవారం

అరకు సంత. నరేష్ ఎలక్ట్రికల్ షాపు. స్టీమ్ క్లీనరే తీసుకోమని అరగంట చెప్పాడు. ఇలాంటివాటికి ఇంట్లో మగాళ్లని పంపాలి కదా అని కూడా అన్నాడు. సీటు పాడుచేసింది ఆ మగాళ్లే అన్నాను.

వాట్లెన్ని, డబ్బా ఎన్ని లీటర్లు, సందుల్లోకి సన్నమూతి, సీటుకి వెడల్పుమూతి రెండూ వస్తాయా, పాడైతే ఇక్కడే బాగుచేస్తావా అని అడిగాను. చివరిదానికి నసిగాడు. బిల్లు మీద రాయించుకున్నాను. బకెట్ నీళ్లు తెప్పించి, పీల్చి చూపించమన్నాను. గటగటా తాగేసింది. పన్నెండు వందల వాట్లు, పదిహేను లీటర్లు. రవి డ్రిల్లుకి తగిలించుకునే గుండ్రటి బ్రష్ కూడా కొన్నాను. గట్టిది కార్పెట్‌కే, సీటుకి చేత్తో రుద్దే మెత్తది.

కార్ షాంపూ కూడా ఇవ్వబోయాడు. అక్కర్లేదు, మా పెరట్లో కుంకుడు చెట్టుంది అన్నాను. ఎంత తెలివిగా అన్నానో.

ఏప్రిల్ 20

తలకీ కుంకుడే, పట్టుచీరకీ కుంకుడే, బంగారానికీ కుంకుడే. సీటుకెందుకు కాదు అనుకున్నాను. అమ్మ పెద్ద గిన్నెడు రసం తీసిచ్చింది. మొత్తం పోసి, కార్పెట్ డ్రిల్లుతో, సీటు చేత్తో రుద్దాను. నురగ సీటు దాటి, డోరు దాటి కింద కారింది. మురికి వదులుతోందని మురిసిపోయాను. మెషిన్ పెట్టి పీల్చాను.

రెండు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత మెషిన్ గొంతు మారింది. గాలి బయటికొచ్చే కన్నంలోంచి నురగ ఎగిరింది. అమ్మ మొహం మీద, నా మొహం మీద, వసారా గోడకున్న కేలండర్ మీద. ప్లగ్ లాగేశాను.

ఏటే గుంటా, దానికి తలంటు పోసీసినావేటి అంది అమ్మ.

ఏప్రిల్ 21

మెషిన్ ఎండలో ఉంది. నేను నీడలో ఉన్నాను. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు.

ఏప్రిల్ 23

ఆన్ అయింది.

నరేష్ ఫోన్లో అంతా చెప్పాడు. నీళ్లు నిండితే లోపల బంతి తేలి దారి మూసేస్తుందట. నురగకి బరువుండదు కాబట్టి బంతి తేలదు, నురగ నేరుగా మోటారులోకి పోతుంది. అందుకే లీటరు నీళ్లకి చెంచాడు షాంపూ, అదీ నురగ తక్కువొచ్చేది. మొన్న ఇవ్వబోయింది అదేనన్నాడు. రవిని పంపి తెప్పించాను.

మధ్యాహ్నం సోములమ్మ పిన్ని వచ్చింది. పండగపూట పడిన పేడకి ఇన్నాళ్లు కడుగుడేటి, దానికి సిగ్గుపడతన్నావేటి అంది. అప్పుడు చెప్పాను, కృష్ణమూర్తి గారు అన్నమాట. పేడకి నాకు సిగ్గు లేదు పిన్నీ, ఆయన మాట నా బండిలో నిజమైపోతుందేమోనని భయం అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది.

పిన్ని కొంగు దోపుకుని మెత్త బ్రష్ తీసుకుంది. నేను చల్లడం, ఆమె రుద్దడం, మెషిన్ పీల్చడం. మొదటి డబ్బా నీళ్లు నల్లగా, ఐదో డబ్బా టీ రంగు, తొమ్మిదో డబ్బా తేట. చీకటి పడే దాకా చేశాం.

ఏప్రిల్ 26

మూడు రోజులు తలుపులు బార్లా తీసి ఆరబెట్టాను. వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున పొడిగా లాగేశాను.

అమ్మని లోపల కూర్చోబెట్టాను. ఏ వాసనా లేదంది. అమ్మ ముక్కుని నమ్మను. నా ముక్కునీ నమ్మను. రోజూ పేడతో వాకిలి అలికే ఇంటి ముక్కులు మావి. హుకుంపేట వెళ్లి కిరాణా కొట్టు అన్నపూర్ణ గారిని అడిగాను. ఆవిడ కిందనుంచి వచ్చిన మనిషి, ఎండుచేపలు అమ్మే సందులోకి కూడా అడుగుపెట్టరు. ఎక్కి అద్దాలు వేయించుకుని ఐదు నిమిషాలు కూర్చున్నారు. బండి మార్చావా సోనీ అని అడిగారు.

సెంటు డబ్బా తగిలించమంటాడు రవి. వద్దన్నాను. ఏదో దాచినట్టుంటుంది.

ఏప్రిల్ 29, మంగళవారం

పదింటికి కృష్ణమూర్తి గారు వచ్చారు. చేతిలో మడతపెట్టిన తెల్ల చేతిరుమాలు, ముందే సిద్ధంగా. మెషిన్ డిక్కీలో పెట్టుకెళ్లాను, బండిని ఎలా చూసుకుంటానో చూపిద్దామని. ఆయన అటు చూడలేదు. వెనక సీటులో మధ్యలో కూర్చుని అనంతగిరి వైపు పోనీయమన్నారు. అద్దాలన్నీ వేయమన్నారు. ఏసీ కూడా వద్దు, అది వాసన దాస్తుంది అన్నారు. మలుపులున్నాయి సార్, కొంచెం దించండి అన్నాను. పర్లేదు, పోనీ అన్నారు.

అద్దంలో చూస్తూనే ఉన్నాను. సీటు వాసన చూశారు. తలుపు వాసన చూశారు. గాలికొండ దాటాక వంగి, తల కిందికి పెట్టి కార్పెట్ వాసన చూశారు. మూడో మలుపులో తలెత్తారు. మొహం పాలిపోయింది. నాలుగో మలుపులో నా సీటు మీద, కార్పెట్ మీద, ఆయన పొద్దున తిన్న ఉప్మా మొత్తం.

నాకు నవ్వు రాలేదు. నిజంగా. జాలేసింది.

మంగ్లు కాఫీ బడ్డీ దగ్గర ఆపి, ఆయన్ని రాయి మీద కూర్చోబెట్టి నిమ్మసోడా ఇప్పించాను. మంగ్లుని అడిగి మెషిన్ ప్లగ్గు పెట్టాను. పైపైన ఉన్నది గుడ్డతో ఎత్తేశాను. నీళ్లు చల్లాను, రుద్దాను, పీల్చాను. చెంచాడు షాంపూ. మళ్లీ రుద్దాను, మళ్లీ పీల్చాను. ఉత్త నీళ్లతో రెండుసార్లు. అరగంట కూడా పట్టలేదు. ఆయన అంతా చూశారు.

తర్వాత చాలా మెల్లిగా అడిగారు, వాసన వస్తుందా అమ్మా అని.

అనడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. ఇన్ని రోజులుగా మోస్తున్నాను. ఆరాక మీరే కూర్చుని చూడండి సార్ అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు ముందు సీటులో కూర్చున్నారు, అద్దం పూర్తిగా దించుకుని.

ఏప్రిల్ 30

పొద్దున్నే ఫోన్. ఎల్లుండి నుంచి రమ్మన్నారు. తొమ్మిదో బండి నాది. వాసన సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సీటు కింద ఆయన చేతిరుమాలు దొరికింది. కుంకుడుకాయతో ఉతికి ఆరేశాను.