అరవై మూడు శాతం దగ్గర ఆపిన లెక్క

ఖిదిర్‌పూర్, కలకత్తా
ఆదివారం

అమ్మకు కృష్ణకుమారి నమస్కారాలు. నేనూ, పైవాటాలో ఉండే బెంగాలీ వదిన, మన బౌదీ, కులాసా. పలాసలో నువ్వూ పిన్నీ బాగున్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. ఫోనులో నా మాట నీకు వినబడదు కాబట్టి రాస్తున్నాను. ఒత్తులు తప్పితే నవ్వుకో.

దగ్గు తగ్గిందనీ, మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాననీ రాశావు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నేను వేళకు తింటున్నాను. సెక్టార్ ఫైవ్‌లో ఆఫీసుకు బస్సులో ఇప్పటికీ గంటన్నర పడుతోంది.

ప్రధాన సంఖ్య అంటే ఏమిటని పిన్ని అడుగుతోందన్నావు. పదిహేను జీడిపప్పులు ముగ్గురికి సమంగా పంచొచ్చు. పదిహేడైతే, తలో ఒకటి ఇస్తే తప్ప, ఎంతమందికి పంచినా సమంగా రావు. అలాంటి సంఖ్యల్లో ఇంతవరకు దొరికినవాటికంటే పెద్దదాని కోసం లోకంలో ఎందరో తమ కంప్యూటర్లతో వెతుకుతున్నారు. పంచేవాళ్ళు ఒక్కొక్కరికీ ఒక్కో సంఖ్య ఇచ్చి, అది ప్రధానమో కాదో సరిచూడమంటారు. నా వంతుకు వచ్చినదానికి నాలుగు కోట్ల పైచిలుకు అంకెలని చెప్పు.

"ఏటే కుమారీ, నీ లెక్క ఏటయినాది?" అని రాశావు. దీనికి జవాబు రాయడానికే వారం పట్టింది.

నిన్ను ఆసుపత్రి నుంచి ఇక్కడికి తెచ్చి ఆక్సిజన్ మిషను పెట్టినరోజు ఫ్యూజు రెండుసార్లు పోయింది. కరెంటు మిస్త్రీ దాదా వచ్చి, "రెండూ ఒకేసారి నడపకండి దీదీ, ఈ పాత తీగలు కాలిపోతాయి" అన్నాడు. అప్పుడే కంప్యూటర్ ఆపేశాను. లెక్క అరవై మూడు శాతం అయింది. దాని చప్పుడు నీకు ఎప్పుడూ వినబడదు కదా, ఆగిందని తెలియలేదు.

రోజూ పొద్దున్నే మంచం మీంచి అడిగేదానివి, "ఎంతయినాదే?" అని. నీ చెవి దగ్గర గట్టిగా డెబ్భై అన్నాను, ఎనభై అన్నాను. చివరికి, "అయిపోనాదమ్మా, ఆళ్ళు సరిచూస్తన్నారు" అన్నాను. నీ ముఖం వెలిగింది.

నా లెక్క రెండు నెలలు కదలకపోయేసరికి, పంచేవాళ్ళు ఆ సంఖ్యను ఫిన్లాండ్‌లో ఒకాయనకు ఇచ్చేశారు. అది ప్రధాన సంఖ్య అయితే కనిపెట్టిన పేరు ఆయనకే పోతుంది; కాకూడదని కాళీఘాట్‌లో మొక్కుకున్నానమ్మా! మొక్కుకు సంఖ్య మారదని ఎరిగినదాన్నే, అయినా మొక్కాను. పోయిన నెల ఫలితం వచ్చింది. కాదట. సంతోషంతో సందేశ్ మిఠాయి కొనుక్కుని బస్సులో ఒక్కదాన్నే తిన్నాను. దిగేసరికి సిగ్గేసింది.

ఉండబట్టలేక ఆ ఫిన్లాండ్ ఆయనకు ఉన్నదున్నట్టు రాశాను. ఆయన రిటైరైన ట్రామ్ డ్రైవరట. "నా చేతిలోంచీ ఒకటి అలాగే ఇంకొకరికి పోయింది. అది కాకూడదని ఏడాదంతా కోరుకున్నాను" అని జవాబిచ్చాడు. ఆఫీసులో పైకే నవ్వేశాను.

ఇప్పుడు వైరింగు మార్పించాను. కొత్త సంఖ్య తీసుకున్నాను, పదకొండు శాతం అయింది. ఈసారి చెప్పేది నిజం.

ఆ లెక్క ఆపినందుకు నాకు ఒక్కరోజూ బాధ లేదు. ఆపలేదని నీతో అన్నందుకే ఇన్నాళ్ళూ బాధపడ్డాను. ఇక్కడికి వచ్చాక తిట్టు, వింటాను.

ఇట్లు
నీ కూతురు
కుమారి