పామును కూడా తీసుకురండి

11 ఫిబ్రవరి 2024, ఆదివారం

కుందేలు దొరకలేదు. పాము దొరికింది. దాన్ని చంపి ఇంటికొచ్చాడు మా ఆయన దొరసామి. అయ్యగారి ముఖం చూడాలి, పులిని కొట్టినంత వెలుగు.

ఉలవ కోత అయిపోయిందంటే ఆదివారాలు ఈయనకు ఇంట్లో కాలు నిలవదు. వాళ్ల చిన్నాన్న కొడుకు జయప్రకాశ్, వలలు కట్టే ముత్తు, రెండు బైకులు, గుట్టకు వేట. ఫారెస్టువాళ్లకు దొరికితే కేసు అవుతుందని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ముత్తు దాన్ని వదిలేద్దామన్నాడట, దాని దోవన అది పోతా ఉందని. ఇప్పుడు ఇడిసిపెడితే మన ఎనక వచ్చేవాళ్లను కరస్తాది, ఆ పాపం ఎవురిది అని ఈయన గద్దించాడట. అన్నం తింటూ నాతోనూ అదే వాదన. గడ్డికి పోయే ఆడవాళ్లు, మేకలోళ్లు చెప్పుల్లేకుండా తిరిగే చోట, కర్ర చేతిలో ఉండి కూడా పామును వదిలేసి వచ్చేవాడు వేటగాడా అన్నాడు. ఒక్కటి మాత్రం అన్నాను, కర్ర పట్టుకుని మీదికి పోయేవాణ్ణే అది ముందు కరుస్తుందని. నవ్వాడు. ముప్పై పాముల్ని కొట్టినానే, ఒగటన్నా కరిసిందా అన్నాడు.

ఇవన్నీ తెలుగులో రాసుకోవడం ఎంత సుఖమో. ఇది తమిళనాడైనా ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే అందరూ. తెలుగు చదవగలిగేది మాత్రం ఆంధ్రాలో, కుప్పంలో చదువుకున్న నేనొక్కదాన్నే.

18 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3

కరిచింది. రక్తపింజరి. కుడిచెయ్యి. ధర్మపురి పెద్దాసుపత్రిలో ఉన్నాం.

18 ఫిబ్రవరి, సాయంత్రం 6.30

ఈ డైరీ సంచిలోకి ఎలా వచ్చిందో తెలియదు. కూర్చుని రాస్తున్నాను.

గుట్ట కింద పామును చూసి ఈయన కర్రతో కొట్టాడట. దెబ్బ పక్కకు పడింది. అది రాళ్లకుప్పలోకి దూరుతుంటే తోక పట్టి లాగబోయాడు. వెనక్కి తిరిగి కరిచింది.

ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి మోచేతి దాకా వాచింది. పళ్ల చిగుళ్ల నుంచి రక్తం. డ్యూటీ డాక్టర్ గాజు ట్యూబులో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు పక్కన పెట్టింది. తర్వాత వంచి చూస్తే నీళ్లలా జారింది, గడ్డకట్టలేదు. వెంటనే మందు ఎక్కించారు. పది సీసాలు. బతికున్న పాముల విషంతోనే ఆ మందు తయారవుతుందని నర్సు సెల్వరాణి చెప్పింది. నాకప్పుడు ఏమీ తలకెక్కలేదు. ఆ సీసాలకు మాత్రం చేతులెత్తి దండం పెట్టాను. ఆ అమ్మాయి నవ్వలేదు, మంచిది.

కరిచింది ఎన్నింటికని డాక్టర్ అడిగింది. తొమ్మిది ముక్కాలన్నాడు జయప్రకాశ్. ఇక్కడికొచ్చింది పన్నెండుంబావుకు. ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగింది. జయప్రకాశ్ నేల చూశాడు. నేనూ నేలే చూశాను.

19 ఫిబ్రవరి, ఉదయం 5

ఎవరికీ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నిన్న కరవగానే జయప్రకాశ్ నాకు ఫోన్ చేశాడు. వదినా, అన్నను పాము కరిసింది, ముత్తు బండి తీసినాడు, ఆసుపత్రికి పోతా ఉండాము అన్నాడు. ఆగండి అన్నాను. ఏ పామో తెలియకపోతే డాక్టర్ ఏ మందు వేస్తాడు, ఆ పామును కూడా తీసుకురండి అన్నాను. రెండుసార్లు అన్నాను.

నా చిన్నప్పుడు కుప్పంలో మా మామ కొడుకును పాము కరిస్తే, కాంపౌండరు మొదట అడిగింది పాము ఏదని. అది నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

నా మాట మీద వాళ్లు రాళ్లన్నీ పెరికారు. యాభై నిమిషాలు. మనిషి ముందు, పాము ఏమైతే ఏమి అని ముత్తు అరుస్తూనే ఉన్నాడట. వదిన చెప్పినాదని జయప్రకాశ్ వినలేదు. చంపి, పసుపు సంచిలో వేసుకుని తెచ్చారు. డాక్టర్ ఆ సంచి విప్పి కూడా చూడలేదు. మన దగ్గర కరిచే నాలుగు రకాల విషపాములకూ ఒకటే మందట.

పాముల్ని చంపొద్దని ఇన్నేళ్లు ఆయన్ను సతాయించినదాన్ని. చంపి తెమ్మన్నదీ నేనే. జయప్రకాశ్ ఫోన్ స్పీకర్లో పెట్టాడో లేదో, ఆయన విన్నాడో లేదో తెలియదు. అడిగే ధైర్యం లేదు.

20 ఫిబ్రవరి

యూరిన్ 60 ఎంఎల్. డికాషన్ రంగు. రోజు మొత్తానికి అంతే.

21 ఫిబ్రవరి

విషం కిడ్నీల మీద పని చేసిందట. డయాలసిస్ మొదలుపెట్టారు. ముందే వచ్చి ఉంటే ఇంత దాకా పోయేది కాదేమో అని డాక్టర్ వేరే డాక్టర్‌తో అంటుంటే విన్నాను. ఆమె తప్పు పట్టడానికి అనలేదు. నాకే గుచ్చుకుంది.

మోనిషా సేలం నుంచి వచ్చేసింది. నర్సింగ్ మూడో సంవత్సరం. వచ్చీ రాగానే చార్ట్ చదివి, నాన్న కాళ్లు పట్టుకుని కూర్చుంది. నా కూతురు ఎప్పుడు ఇంత పెద్దదయిందో గమనించలేదు.

22 ఫిబ్రవరి

40.

25 ఫిబ్రవరి

మూడో డయాలసిస్ అయింది. ప్రపంచంలో పాములన్నీ చచ్చిపోవాలి. ఇది నేనే రాస్తున్నాను.

మధ్యాహ్నం ముత్తు వచ్చాడు. నాలుగు కొబ్బరి బోండాలు మోసుకొచ్చాడు. కిడ్నీ పేషెంట్‌కు అవి పడవని మోనిషా లాక్కుంది. పాపం, అతని ముఖం చిన్నబోయింది. ఆ బోండాలు నేనే తాగాను, అతని ఎదురుగానే.

స్పృహ తప్పుతున్న మనిషిని తన తుండుతో వీపుకు కట్టుకుని ఇంత దూరం బండి నడిపింది ఈ ముత్తే. నీ వల్లే మిగిలినాడు నాయనా అని అతని చెయ్యి పట్టుకున్నాను. అన్న బరువు తక్కువే అక్కా, మా మేకపోతే ఎక్కువ అన్నాడు. మంచం మీది మనిషి నవ్వాడు. వారం తర్వాత మొదటిసారి.

28 ఫిబ్రవరి

150. రెండుసార్లు కొలిచాను.

1 మార్చి, ఉదయం 6

రాత్రి నుంచి 700! కొలత జగ్గు పట్టుకుని వార్డంతా నడిచి సెల్వరాణికి చూపించాను. ఎవరేమనుకుంటే నాకేం. రంగు కూడా తేటపడింది.

3 మార్చి

2200. ఇక డయాలసిస్ అవసరం లేదన్నారు. డాక్టర్ కాళ్లకు మొక్కబోతే వెనక్కి జరిగింది. మెట్ల మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. డాక్టరుకు, సెల్వరాణికి, ముత్తుకు, విషం తీసేవాళ్లకు, సీసాల్లో నింపేవాళ్లకు, ఎక్కడెక్కడో ఉన్న వాళ్లందరికీ మనసులోనే దండం పెట్టాను. ఆ వరసలో పాములు కూడా వచ్చాయి. రానిచ్చాను.

6 మార్చి

తనంతట తానే మాట ఎత్తాడు. అది పోతా ఉండింది వల్లీ, నేనే ఎంటబడినా అన్నాడు. మరి వెనక వచ్చేవాళ్ల సంగతేమిటని అడిగాను. ఆయన ప్రశ్నే ఆయనకు. దానికే ఆలోచిస్తా ఉండా అన్నాడు.

10 మార్చి, ఆదివారం

నిన్న డిశ్చార్జ్. ఇంట్లో ఉన్నాం. ఈ మాట రాస్తుంటేనే హాయిగా ఉంది.

మధ్యాహ్నం జయప్రకాశ్ వచ్చాడు. అందరం అన్నానికి కూర్చున్నాం. మోనిషా ఉన్నట్టుండి అడిగింది, నాయన్ను అట్ల పెట్టుకొని పామును ఎతకమన్న తెలివితక్కువోళ్లు ఎవురు అని. చాలా రోజులుగా దాచుకున్న కోపం. నా చేతిలో గరిటె ఆగిపోయింది. జయప్రకాశ్ నా వైపు చూసి నోరు తెరిచాడు.

నేనే చెప్పినా అన్నాడు మా ఆయన. అప్పుడు నా బుద్ధికి అట్ల తోచింది, ఏమిప్పుడు అన్నాడు.

మోనిషా తిట్టింది, గట్టిగానే. ఆయన తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు. నా వైపు చూడలేదు. తర్వాత ఉలవచారులో ఉప్పు చాల్లేదన్నాడు.

విన్నాడు. నా ఫోన్ మాట ఆరోజే విన్నాడు. అంత నొప్పిలో విని, మూడు వారాలు ఒక్క మాట అనలేదు.

పెరట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇరవయ్యారేళ్లుగా ఈ మనిషిని మొండివాడనీ, చెప్పింది వినడనీ అంటున్నాను. ఇంత కృతజ్ఞతను ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

24 మార్చి, ఆదివారం

పొద్దున చేనుగట్టు మీద రక్తపింజరి. ముందు ఆయన, వెనక నేను, నా వెనక టమోటా కోతకు వచ్చిన ఆరుగురు ఆడవాళ్లు. చెయ్యి అడ్డం పెట్టి అందరినీ ఆపాడు. అది మెల్లగా పోయి పొదలో దూరింది. ఆడవాళ్లను అవతలి దోవన పంపించాడు. తాను మాత్రం గొడుగు వేసుకుని ఆ పొదకు పది అడుగుల దూరంలో నిలబడ్డాడు, వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతూ.

మధ్యాహ్నం అన్నం అక్కడికే తీసుకుపోయాను.