దారిలో ఆగిన చోట్లు

స్టుట్‌గార్ట్,
22 ఆగస్టు 1983.

పూజ్యురాలైన స్టానికా వదినగారికి,

మీ మరదలు జాగోర్కా నమస్కరించి రాసేది. ఇక్కడ మేం నలుగురం క్షేమం. అక్కడ మీరు, అన్నయ్యగారు, ఈనిన ఆవు క్షేమమని తలుస్తాను. కవరు మీద నా రాత చూసి పొయ్యిలో పడేయకుండా ఇంతవరకు చదివారంటే అదే పదివేలు.

మొన్న శనివారంతో అత్తయ్యకు నలభై రోజులు నిండాయి. ఇక్కడి మన చర్చిలో తీపి గోధుమలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించాం. నిన్న పొద్దున మీ తమ్ముడు తల్లి కోసం పెంచిన గడ్డం గీసుకున్నాడు. ఇక నేనూ నోరు విప్పవచ్చనిపించింది.

సమాధి దగ్గర మీరన్న మాట పొల్లుపోకుండా గుర్తుంది. "కన్నతల్లి పెట్టెలో పడుంటే నీ పెళ్లాం దారంతా పుచ్చకాయలు మేస్తూ వచ్చిందిరా" అన్నారు. పుచ్చకాయల సంగతి మా గోరనే మీకు చెప్పి ఉంటాడు. అయిదేళ్లవాడు, వాడికేం తెలుసు. ఆ తర్వాత నెల రోజులు ఒకే వాకిట్లో ఉండి, ఉప్పు అందించాల్సివస్తే కూడా నా కూతురి చేతికిచ్చారు. పుచ్చకాయ తిన్నమాట నిజం. ఎందుకు తిన్నామో వినండి, ఆ తర్వాత తిట్టండి.

బుధవారం తెల్లవారుతుండగా కింది వాటా ఇంటావిడ తలుపు కొట్టి ఫోనొచ్చిందంది. ఆ ఫోను మీదే. "అమ్మ నిన్న మధ్యాహ్నం పోయింది. ఎండలు మండిపోతున్నాయి, రేపు పన్నెండు దాటితే పూడ్చకుండా ఆపలేం. వాడికి చెప్పు, ఎక్కడా ఆగకుండా రమ్మను" అన్నారు. సరేనన్నాను. మెట్లెక్కి పైకి వచ్చేలోపే చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. ఎటూ ఆ రోజే సెలవులకు బయల్దేరుతున్నాం, కారు సర్ది సిద్ధంగా ఉంది. కాస్త ముందు కదులుదామంటే చాలు.

మా తమ్ముడు దోబ్రివోయే ఎలా పోయాడో మీకు తెలుసు. నాలుగేళ్ల కిందట అదే దారిలో, జాగ్రెబ్ దాటాక పెట్రోలు బంకులో ఎవరో పుణ్యాత్ముడు వాడికి చెప్పాడు, మీ నాన్నకు ఆఖరి ఘడియలు, పరుగెత్తు అని. వాడు పరుగెత్తాడు. నలభై కిలోమీటర్లు పోయి లారీ కిందకు దూరాడు. మా అమ్మ ఒకే వారంలో రెండు పెట్టెలు చూసింది. నాకు కారు నడపడం రాదు, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. అత్తయ్యకు ఆఖరి ముద్దు పెట్టాలని నాకు లేదా వదినా? పదకొండేళ్లు నన్ను కూతురిలా చూసుకుంది. కానీ ఆమెను చూడబోయి నలుగురం ఆమె పక్కనే పడుకోవాల్సి వస్తుందని భయపడ్డాను.

ఏడింటికి బయల్దేరాం. చావుకు తలకు కట్టే నా నల్ల గుడ్డ రొట్టెల సంచి అడుగున దాచాను. కారు పైన అత్తయ్య కోసం కొన్న బట్టలుతికే మిషను. దాన్ని దించేద్దామంటే కారణం చెప్పాలి. మీ తమ్ముడు దాని తాళ్లు రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాడు. గడ్డం గీసుకోలేదేమని అడిగితే, ఊరెళ్లి గీసుకుంటాలే అన్నాడు. మ్యూనిక్ దాటగానే అకార్డియన్ క్యాసెట్టు పెట్టి గొంతెత్తి పాడడం ఆయన అలవాటని మీకు తెలుసుగా. గోరన్ పాట పెట్టమంటే, "పాడైపోయిందిరా" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. తల్లి పోయిన సంగతి తెలియక పాడుతున్న మనిషి పక్కన కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు.

మన దేశపు సరిహద్దు దగ్గర అయిదు గంటలు పట్టింది. కస్టమ్స్ అతను మిషను చూసి ఎవరికని అడిగాడు. మా అమ్మకి, అన్నాడు మీ తమ్ముడు. "అదృష్టవంతురాలు, పోనీ" అని అతను చెయ్యూపాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అక్కడినుంచి ప్రతి గంటకూ ఏదో వంక పెట్టి ఆపించాను. పిల్లాడికి కడుపులో తిప్పుతోందని ఒకసారి, నా నడుం పట్టేసిందని ఒకసారి. ఎప్పుడూ అయితే, "రెండు చోట్ల తప్ప ఆగను, ఆడాళ్లతో ప్రయాణం అంటే ఇంతే" అని సణిగే మనిషి, ఈసారి నోరెత్తకుండా ఆపాడు. ఆపిన ప్రతిసారీ టైర్లు చూసొస్తానని వెనక్కి వెళ్లేవాడు. ఎంతసేపటికీ వచ్చేవాడు కాదు. నాకు ఒక పక్క గడియారం, ఒక పక్క స్టీరింగు మీద ఆయన చేతులు. ముళ్ల మీద కూర్చున్నట్టే కూర్చున్నాను.

రాత్రంతా నడిపాక, గురువారం పొద్దున ఏడున్నరకు, ఇంక బెల్‌గ్రేడు వస్తుందనగా, కారు రెండుసార్లు తెల్లగీత దాటింది. రెండోసారి ఎదురుగా లారీ. దాని హారను ఇప్పటికీ నా చెవిలో ఉంది. రోడ్డు పక్కన ఎవరో పుచ్చకాయలు కుప్ప పోశారు. "పుచ్చకాయలు! ఆపు, నాకిప్పుడే కావాలి!" అని గర్భిణిలా అరిచాను. ఆపాడు. తలా ఓ ముక్క తిన్నాం. ఆయన స్టీరింగు మీద తల పెట్టి పడుకున్నాడు.

ఆయన తల లేపేసరికి పది. ఆ రెండున్నర గంటలూ నేను చేతిగడియారం విప్పి ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు లేపినా పన్నెండుకు చేరేవాళ్లమని నాకు లెక్క తెలుసు. లేపలేదు. ఇదే నా నేరం, దీనికి మీరు వేసే శిక్ష పడతాను.

కొండ దిగాక నీళ్ల కుళాయి దగ్గర ఆపించి చెబుదామనుకున్నాను. ఆపమంటే, "ఇక్కడొద్దు" అన్నాడు. దారి మొత్తం మీద కాదన్నది అక్కడొక్కచోటే. అంతలో మన ఊరు బోల్యెవాట్స్ వచ్చేసింది. మొదటి స్తంభానికే నల్ల అంచు కాగితం, మీరు అంటించిందే, మధ్యలో అత్తయ్య ఫొటో. ఏదో ఒకటి చెప్పి ఆయన చూపు తిప్పుదామనుకునేలోపు వెనకనుంచి మా స్లవికా కేకేసింది: "అమ్మా, బామ్మ ఎన్నికల్లో నిలబడిందా? అన్ని స్తంభాల మీదా ఉంది!" ఈ వసంతంలో ఇక్కడి వీధుల్లో స్తంభాల మీద ఆ మొహాలే చూసింది మరి. మన దగ్గర చావు కబురు స్తంభానికి అంటిస్తారని నా పిల్లలకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది.

మీ తమ్ముడు కారు పక్కకు తీసి, బ్రేకు వేసి, "పిల్లల్ని ఇటువైపు దింపు, అటు లారీలొస్తున్నాయి" అన్నాడు. అంతే. దిగి వెళ్లి ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మేం కొండమీది శ్మశానానికి చేరేసరికి మూతకు మేకులు కొట్టేశారు, మట్టి పడుతోంది. మిగతాది మీరు చూశారు, మీరన్నారు. మీరు నన్నంత మాటంటే నోరెత్తలేదని ఆయన మీద నాకూ కోపమే.

ఆ మూత సంగతికి నన్ను జన్మంతా తిట్టండి, పడతాను. తిండియావ అని మాత్రం అనకండి. మీ వసారాలో మూట విప్పకుండా పెట్టిన మిషను మీరు వాడుకోండి. మీ చేతులు కూడా అత్తయ్య చేతుల్లాగే పగులుతున్నాయి, చూశాను.

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఇట్లు,
మీ మరదలు
జాగోర్కా

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టాక, కింద కారులో ఆడుకుంటున్న గోరన్ క్యాసెట్టు లోపలికి తోశాడు. అకార్డియన్ వీధంతా మోగింది. అది ఏనాడూ పాడవలేదు వదినా. మీ తమ్ముణ్ణి అడిగాను. అప్పుడు చెప్పాడు. మంగళవారం సాయంత్రమే మన ఊరి పోస్టాఫీసులో పనిచేసే రూజా ఆయన ఫ్యాక్టరీకి ఫోను చేసి చెప్పిందట, పన్నెండు గంటల సంగతితో సహా. "నీకు చెబితే ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను స్టీరింగు పట్టుకోలేను" అన్నాడు. పుచ్చకాయల దగ్గర నిద్ర కూడా పోలేదట. చేతుల వణుకు తగ్గేదాకా పిల్లలతో కారు కదపకూడదని కళ్లు మూసుకుని ఉన్నాడట. నేను గడియారం చూస్తూ కూర్చున్నంతసేపూ ఆయనా లోపల గంటలు లెక్కపెడుతూనే ఉన్నాడు. మూత పడిపోతుందని తెలిసే ఆగాడు. ఈ మాట మీతో అనలేకే ఆ రోజు నోరెత్తలేదు. నాతో మీరు మాట్లాడకపోయినా ఫరవాలేదు. మీ తమ్ముడికి మాత్రం ఒక ఉత్తరం రాయండి.