నాలుగు వేళ్ళ ఎత్తు

ఫిబ్రవరి 3

అన్నయ్య పోయి నూటపది రోజులు. ఇంకా ఏడవలేదు. ఆఫీసులో అందరూ నన్ను గుండె గట్టిదాన్ని అనుకుంటున్నారు. గట్టితనం కాదు. పన్ను పీకించుకున్నాక కాసేపు చెంప మనది కానట్టు ఉంటుంది. ఒళ్ళంతా అలా ఉంది.

ఫిబ్రవరి 5

ఎలక్ట్రికల్ వాళ్ళతో గొడవ. లైట్లు మార్చి, బరువు చెప్పలేదు. ఒక్కోటి రెండు కిలోలే ఎక్కువ, దానికింత రాద్ధాంతమా అని వాళ్ళ వాదన. ఓడలో నాలుగు వేల లైట్లున్నాయని గుర్తు చేశాను. ముఖం మాడ్చుకుని ఫారం నింపారు.

నా ఉద్యోగమే అది. ఓడలోకి ఏది వెళ్ళినా దాని బరువెంత, అది ఎంత ఎత్తున కూర్చుంటుంది అని లిస్టులో రాయాలి. నట్టూ బోల్టూ దగ్గర్నుంచి హెలికాప్టర్ దాకా. కింద ఉన్న బరువు ఓడని నిలబెడుతుంది. పైన ఉన్నది తూలిస్తుంది. ఫారాల కోసం అందరి పీకల మీద కూర్చుంటాను కాబట్టి ఇక్కడ నా పేరు కాటా. ఆ పేరు పెట్టింది అన్నయ్యే. పక్క సెక్షన్‌లో డిజైనర్.

ఫిబ్రవరి 9

వదిన డ్యూటీకి వెళ్ళింది. ఆవిడ ఆపరేషన్ థియేటర్ నర్సు. అక్టోబర్ నుంచి ఇంట్లో ఇద్దరమే ఉంటున్నాం. రోజూ ఒకటే అడుగుతుంది, ఓడలో ఆయన గీసిన హాస్పిటల్ ఎంతవరకు వచ్చిందని. టైల్స్ వేస్తున్నారనో, తలుపులు బిగించారనో చెబుతాను. ఆ పూట కాస్త ఎక్కువ తింటుంది.

మేం కడుతున్నది సైన్యాన్ని ఒడ్డుకు దించే ఓడ. ఏడొందల మంది, అరవై వాహనాలు. రేవు అక్కర్లేదు. తోక భాగాన్ని కావాలనే నీళ్ళలో ముంచి, వెనక తలుపు తెరిస్తే సముద్రం లోపలికి వస్తుంది. మనుషులతో నిండిన పడవలు ఓడ కడుపులోంచే తేలుతూ బయటికి పోతాయి. పైన డెక్ మీంచి హెలికాప్టర్లు లేస్తాయి. దెబ్బలు తగిలినవాళ్ళు తిరిగొచ్చేది కూడా దీనికే. వెళ్ళేవాళ్ళ లెక్క అందరూ వేస్తారు, తిరిగొచ్చేవాళ్ళ లెక్క ఎవరు వేస్తారని అన్నయ్య మీటింగుల్లో పోట్లాడి నలభై ఎనిమిది పడకల హాస్పిటల్ సాధించాడు. హెలికాప్టర్ దిగితే నిమిషంలో చేరాలని పై డెక్ కిందే పెట్టించాడు. దాని డ్రాయింగులు గీసింది మా భోజనాల బల్ల మీద, వదినని పక్కన కూర్చోబెట్టుకుని. స్ట్రెచర్ తిరగడానికి తలుపెంత వెడల్పుండాలో చూపించడానికి ఓ రోజు నన్ను దుప్పట్లో పడుకోబెట్టి హాలంతా తిప్పారు మొగుడూ పెళ్ళాం.

ఫిబ్రవరి 17, ఉదయం 5:30

ఇవాళ వంపు పరీక్ష. గాలి లేదు. డెక్ మీద కాంక్రీటు దిమ్మల్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుపుతాం. ఓడ రవ్వంత ఒరుగుతుంది. లోపల వేలాడదీసిన గుండు ఎంత జరిగిందో స్కేలు మీద చూస్తాం. నా లిస్టు నిజమైతే నేను చెప్పినంతే జరగాలి. ఇరవై రెండేళ్ళలో తప్పలేదు.

ఫిబ్రవరి 17, ఉదయం 11:40

ఎక్కువ జరిగింది.

ఫిబ్రవరి 18

మూడుసార్లు చూశాం. ఓడ బరువు కేంద్రం నా లెక్క కంటే నాలుగు వేళ్ళ ఎత్తున ఉంది. నా లిస్టులో లేని బరువేదో పైన ఉంది. మా ఆఫీసు చీఫ్ చెడ్డవాడు కాదు, అలిసిపోయాడంతే. పరీక్షప్పుడు డెక్ మీద ఎవరో అటూ ఇటూ నడిచి ఉంటారని రాసేయమన్నాడు. ఎవరూ నడవలేదు. నేనే కాపలా ఉన్నాను.

ఫిబ్రవరి 20

టేపు పట్టుకుని పై నుంచి ఒక్కో గదీ చూసుకుంటూ వచ్చాను. మూడో గంటకు దొరికింది.

హాస్పిటల్. ఎక్స్‌రే గది చుట్టూ సీసం రేకులు. థియేటర్ల కింద మందపాటి సిమెంటు నేల. ఓడలో నీళ్ళు ఆగిపోయినా ఇక్కడ ఆగకుండా సొంత ట్యాంకు. అన్నీ కలిపి లిస్టులో కంటే వంద టన్నులు ఎక్కువ. దొంగతనంగా ఏదీ జరగలేదు. డ్రాయింగులున్నాయి, అందరి సంతకాలూ ఉన్నాయి. నా ఫారం ఒక్కటే పాతది.

కొత్త ఫారం సెప్టెంబర్‌లో అన్నయ్య దగ్గర్నుంచి రావాలి. అప్పటికి అన్నయ్య మంచం మీద ఉన్నాడు. చేతికి సెలైన్ ఉన్న మనిషిని బరువులు చెప్పమని ఎలా అడగను. పాత అంకే మళ్ళీ దించి సంతకం పెట్టాను. ఈ సర్వీసులో అడక్కుండా రాసింది అదొక్కటే.

ఫిబ్రవరి 21

చీఫ్‌కి చెప్పలేదు. వదినకీ చెప్పలేదు. భోంచేశాను.

ఫిబ్రవరి 24

చీఫ్‌కి చెప్పాను. తలుపు వేయమన్నాడు.

నిజం రాస్తే పైన బరువు తగ్గించాలి. వాహనాలు తీస్తే లాభం లేదు, అవి అడుగున ఉన్నాయి, తీస్తే ఓడ ఇంకా తూలుతుంది. అడుగున బరువు పోస్తే ఓడ కుంగుతుంది, వేగం పడిపోతుంది, నేవీ ఒప్పుకోదు. హెలికాప్టర్ల మాట ఎత్తనే కూడదు. మిగిలింది హాస్పిటల్. నలభై ఎనిమిది పడకలు పన్నెండవుతాయి. మీ అన్నయ్య కష్టం నీ చేత్తోనే చెరిపేస్తావా, పరీక్షలో పొరపాటని ఒక్క వాక్యం రాస్తే పోలేదా అన్నాడు. సోమవారం దాకా గడువిచ్చాడు.

ఆ వాక్యం రాస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. వెనక తలుపు తెరిచినప్పుడు లోపలికొచ్చిన నీళ్ళు ఓడ ఎటు ఒరిగితే అటే పరిగెత్తుతాయి. తలబరువు ఓడ తొందరగా తేరుకోదు. పడవలు గోడలకేసి కొట్టుకుంటాయి.

ఏదో ఒకటి అనిపించాలి కదా నాకు. ఏమీ లేదు.

ఫిబ్రవరి 26

వదిన డ్యూటీ నుంచి వచ్చి జడ విప్పుకుంటోంది. మొత్తం చెప్పేశాను, సెప్టెంబర్ ఫారంతో సహా. దువ్వెన పక్కన పెట్టింది.

"ఆ ట్యాంకు నేనే అడిగాను. ఆయన వద్దన్నాడు, బరువన్నాడు. పోరి పోరి పెట్టించాను."

నువ్వు నిజం రాయకపోతే ఏమవుతుందని అడిగింది. ఏ రోజో ఓడ ఒరుగుతుందన్నాను. పడవలో ఎంతమంది ఉంటారంది. నలభై, అన్నాను.

డ్రాయింగు తెమ్మంది. తెచ్చి బల్ల మీద పరిచాను. ఏవి తీసేయాలో చీఫ్ చూసుకుంటాడన్నాను.

"మీ చీఫ్‌కేం తెలుసు? యాభై మందిని ఒక్కసారి తెచ్చి పడేస్తే ఎవరిని ముందు చూడాలో, ఎవరిని పక్కన పెట్టాలో నాకు తెలుసు. ఆ పెన్సిలిటివ్వు."

మొదటి గీత ట్యాంకు మీద గీసింది. తర్వాత రెండో థియేటర్. తర్వాత పడకలు, ఒక్కోటీ నంబరు చూసి. కాలినవాళ్ళ వార్డు దగ్గర చెయ్యి ఆగింది. నాలుగుంచి, మిగతావి కొట్టేసింది. పడకల మీదే ముప్పై ఆరు గీతలు. నేను పక్కన బరువులు కూడుతూ పోయాను, ఆఫీసులో లాగే.

అంతా అయ్యాక, మీ అన్నయ్యకి కోపం వస్తుందంటావా, అని అడిగింది. తెలియదన్నాను.

మార్చి 2

రిపోర్టు ఇచ్చాను. తప్పు ఎవరిదన్న చోట నా పేరు రాశాను. మెమో ఇచ్చారు. న్యాయమే. హాస్పిటల్ విషయంలో నోరు మెదిపినవాళ్ళు లేరు.

మార్చి 23

మంచాలు విప్పుతున్నారు. వదిన ఏమీ అడగడం లేదిప్పుడు. నేనూ చెప్పడం లేదు.

ఏప్రిల్ 19

రెండో పరీక్ష. గుండు నేను చెప్పినంతే జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఏప్రిల్ 20

ముప్పై ఆరు పడకలు తీసేసిన గదిలోకి వెళ్ళి నేల మీద వెల్లకిలా పడుకున్నాను. ఏడుపొచ్చింది. వెల్డర్ ఒకాయన తొంగి చూసి, ఏం చేస్తున్నారమ్మా అన్నాడు. బరువు చూస్తున్నానన్నాను.

అరవై మూడు కిలోలు. లిస్టులో రాయలేదు.