బోర్లా పడ్డావంటున్నారు

నువ్వు పోయి రేపటికి ఏడాది. సంవత్సరీకానికి బియ్యం ఏరుతుంటే మీ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ వచ్చాడు. ఇన్నాళ్లూ గడప తొక్కని మనిషి పండ్ల సంచితో వచ్చేసరికి నాకు అనుమానం కలిగింది.

కూర్చోగానే ఒక కాగితం తీసి సంతకం పెట్టమన్నాడు. ఫ్యాక్టరీలో నడుస్తుండగా గుండె ఆగి నువ్వు బోర్లా పడ్డావని, ఎవరి తప్పూ లేదని అందులో ఉందన్నాడు.

మన మౌనిక సంగారెడ్డిలో నర్సింగ్ చదువుతోంది. ఈ నెలంతా నన్ను మంచం మీద పడుకోబెట్టి, వెల్లకిలా అయితే సుపైన్, బోర్లా అయితే ప్రోన్ అని వల్లె వేస్తోంది. ఇంగ్లీషులో ఉందని నేను పెట్టెలో దాచిన నీ పోస్టుమార్టం కాగితాన్ని మొన్ననే చదివింది. ఇప్పుడు దాన్ని పట్టుకొచ్చింది.

"అంకుల్, మా బాపు ఎట్ల పడ్డడో జెర పండుకొని సూపెట్టుండ్రి."

"గదేంది బిడ్డా, గిట్లనే" అని నవ్వుతూ మంచం మీద బోర్లా పడుకున్నాడు.

మౌనిక అతని తల వెనక వేలు పెట్టింది. "దెబ్బ పోస్టీరియర్ అని రాసిండ్రు. అంటే గీడ. ముంగటికి పడితే ఎనక ఎట్ల తాకింది?"

అతను లేచి కూర్చున్నాడు. "డాక్టర్లు తప్పు రాస్తరమ్మా."

"అట్లయితే మీ కాగితం ఈడ ఉంచుండ్రి సారూ. సదివించుకొని సంతకం పెడత" అన్నాను.

దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ కూడా తాగలేదు.

నువ్వు ఎట్లా పడ్డావో నాకింకా తెలియదు. బోర్లా మాత్రం పడలేదు.