రక్తం తిరిగొచ్చాక

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆసుపత్రిలో నీ గుండెకు వెళ్లే రక్తనాళం తెరిచాక కూడా కండ కొంత చచ్చిపోయిందని డాక్టర్ చెప్పినప్పుడు నువ్వు నన్నే అడిగావు.

"రక్తం మళ్ల పారుతుంది గదా బిడ్డా, మరి గట్లెట్ల చచ్చిపాయె?"

"చదివి చెప్త బాపు" అన్నాను. రెండు రోజులకే నువ్వు లేవు.

ఇవాళ కాలేజీలో మా మేడమ్‌ని అడిగితే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా రక్తం అందక దెబ్బతిని ఉంటాయట. రక్తం ఒక్కసారిగా తిరిగొస్తే ఆ తాకిడికి వాటి పొరల్లో రంధ్రాలు తెరుచుకుంటాయట. అవి ఉబ్బి పగిలితే కణమూ చస్తుందట. అన్నాళ్లూ దాన్ని బతికించినవే బాపూ!

దబీర్‌పురాలో రైలు దిగి ఇంటికి పరుగున వచ్చాను. బర్రెలకు దాణా కలుపుతున్న అమ్మకు ఇదంతా చెప్పాను.

"మరి గా రంధ్రాలు తెరుసుకోకుంట మందు లేదా?" అంది.

"గట్టి మందు ఇంక దొరకలేదంట. ఎతుకుతున్నరంట."

అమ్మ చేతులు దులుపుకొని నా వైపు తిరిగింది. "అయితే నువ్వు గూడ పో, ఎతుకు."

డిగ్రీ అయితే చాలనుకున్నదాన్ని. ఇప్పుడు పైచదువు దరఖాస్తు నింపుతున్నాను.

నీ బిడ్డ